డిజైన్ కాలేజీ చూడబోయేటప్పుడు యంత్రాలు లెక్కపెట్టకండి, తాళం ఎవరి దగ్గరుందో అడగండి

మీ ప్రశ్న క్లుప్తంగా ఇది. డిజైన్ డిగ్రీకి రెండు విశ్వవిద్యాలయాల్లో సీటు వచ్చింది. ఒకచోట కొత్త భవనం, లేజర్ కట్టర్లు, త్రీడీ ప్రింటర్ల వరుస, వీఆర్ గది. రెండోచోట పాత వర్క్‌షాపు, గీతలు పడ్డ బల్లలు, 'స్టడీ కలెక్షన్' అని బోర్డు పెట్టిన ఒక గది. పనంతా ల్యాప్‌టాప్‌లోనే అయిపోతున్నప్పుడు ఇవన్నీ చూసి కాలేజీ ఎంచుకోవాలా? స్టూడియోకీ ల్యాబ్‌కీ తేడా ఏమిటి? ఆ పాత వస్తువుల గది దేనికి?

నేను ఇరవై ఏళ్లకు పైగా డిజైన్ విద్యార్థులకు స్టూడియోలో పాఠం చెప్పాను. అందులో ఆరేళ్లు వర్క్‌షాపు బాధ్యత కూడా నా మీదే ఉండేది, అంటే తాళాల గుత్తి నా జేబులోనే ఉండేది. అందుకే నా జవాబు కూడా తాళాలతోనే మొదలవుతుంది. యంత్రాల జాబితా పక్కన పెట్టండి. ఆ గదులు రోజుకు ఎన్ని గంటలు తెరిచి ఉంటాయి, లోపల నేర్పే మనిషి ఉంటాడా, వస్తువును మీ చేతికి ఇస్తారా అద్దం వెనక నుంచే చూపిస్తారా అన్నవి కనుక్కోండి. ఈ మూడూ తెలిస్తే మిగతాది మీకే అర్థమవుతుంది.

స్టూడియోతో మొదలుపెడతాను. బయటివాళ్లకు స్టూడియో అంటే పెద్ద కిటికీలున్న తరగతి గది. అసలు తేడా కిటికీల్లో లేదు, బల్లలో ఉంది. తరగతి గదిలో గంట అయిపోగానే పుస్తకాలు సర్దుకుని వెళ్లిపోతారు. స్టూడియోలో మీ బల్ల మీది పని అలాగే ఉండిపోతుంది. సగం కోసిన అట్టముక్క, కొట్టివేతలున్న స్కెచ్, అతుకు ఊడిన మోడల్, అన్నీ రాత్రంతా అక్కడే ఉంటాయి. పొద్దున్నే పక్క బల్ల అమ్మాయి వచ్చి, "ఇదేంటి, ఇక్కడ ఎందుకు వంచావు?" అని అడుగుతుంది. ఆ ఒక్క ప్రశ్నకు జవాబు చెప్పబోయి మీరు నేర్చుకునేది నా గంట లెక్చర్‌లో దొరకదు. ఇది వినయం కొద్దీ అంటున్న మాట కాదు. ఎన్నో బ్యాచ్‌లలో చూశాను.

పంతొమ్మిదో శతాబ్దపు పారిస్‌లో ఎకోల్ దె బోజార్ అనే కళల పాఠశాల విద్యార్థులు అసలు పని నేర్చుకున్నది అతెలియేలు అనే పనిగదుల్లో. అక్కడ పాతవాళ్లూ కొత్తవాళ్లూ కలిసి కూర్చునేవారు. కొత్తవాళ్లు పాతవాళ్ల డ్రాయింగులకు చాకిరీ చేస్తూ చేయి తిప్పుకునేవారు, తమ వంతు వచ్చినప్పుడు పాతవాళ్ల సలహా పొందేవారు. చాకిరీ సంగతి అలా ఉంచితే, ఆ కలగలుపు మాత్రం మంచి స్టూడియోల్లో నేటికీ ఉంది. మీరు చూడబోయే చోట మొదటి ఏడాది పిల్లలు మూడో ఏడాదివాళ్ల పని కంటపడేలా కూర్చుంటారో లేదో గమనించండి. ఏడాదికో అంతస్తు కేటాయించి, మధ్యలో కార్డు లేకుండా తెరుచుకోని తలుపులు పెట్టిన భవనాలు చాలా అందంగా ఉంటాయి. వాటిలో స్టూడియో చచ్చిపోతుంది.

ఈమధ్య కొన్నిచోట్ల సొంత బల్ల తీసేసి, ఎవరు ముందొస్తే వాళ్లు కూర్చునే పద్ధతి పెడుతున్నారు. స్థలం కలిసొస్తుందని వాళ్ల లెక్క. సాయంత్రం అన్నీ సర్దుకుని లాకర్‌లో పెట్టుకోవాలంటే విద్యార్థి ఏం చేస్తాడు? లాకర్‌లో పట్టే మోడల్ చేస్తాడు, లేకపోతే అసలు చేయడు. పని సైజును లాకర్ నిర్ణయిస్తుంది. ఒక ఏడాది మా దగ్గరా ఇలాగే జరిగింది. భవనం మరమ్మతుల వల్ల సొంత బల్లలు పోయాయి, ఆ ఏడాది జ్యూరీలో, అంటే పనికి మార్కులు వేసే రోజున, పెట్టిన మోడళ్లలో మూడొంతులు చెప్పుల పెట్టె కంటే చిన్నవే. ఎవరూ అలా చేయమని చెప్పలేదు.

గోడలు కూడా చూడండి. గుండుసూదులు దిగే మెత్తటి బోర్డు మనిషి ఎత్తున గోడ పొడవునా ఉందా? పిన్అప్, అంటే పనిని గోడకు గుచ్చి పెట్టే వీలు, లేని స్టూడియోలో క్రిట్ (అందరూ కలిసి పనిని విమర్శించే సమావేశం) అంటే ప్రొజెక్టర్ మీద స్లైడ్లే. స్లైడులో ఒకసారికి ఒకటే బొమ్మ కనిపిస్తుంది, మీరు చూపించాలనుకున్నదే. గోడ మీదైతే ఇరవై స్కెచ్‌లు ఒకేసారి కనిపిస్తాయి. మీరు వద్దనుకుని మూలన పెట్టిన ఐదోదే బాగుందని ఎవరో ఒకరు వేలు పెట్టి చూపిస్తారు.

ఇక ల్యాబులు, వర్క్‌షాపులు. రెండు మాటలనూ కలిపేసి వాడుతుంటారు గానీ, వర్క్‌షాపు వస్తువు తయారయ్యే చోటు, ల్యాబ్ వస్తువును పరీక్షించే చోటు అని గుర్తుపెట్టుకుంటే సరిపోతుంది. చెక్క పని, లోహం, మట్టి, నేత, అచ్చు, లేజర్, త్రీడీ ప్రింటింగ్ వర్క్‌షాపులోకి వస్తాయి. రంగు, వెలుతురు, శరీర కొలతలు, వాడుకలో ఇబ్బందులు పరీక్షించేవి ల్యాబులు. మీరు చూసే భవనంలో బోర్డుల మీద పేర్లు తలకిందులుగా ఉన్నా కంగారుపడకండి.

వర్క్‌షాపులో అన్నిటికంటే విలువైనది అక్కడి టెక్నీషియన్. జీతాల పట్టికలో ఆయన పేరు ఎంత కింద ఉన్నా ఈ మాట మారదు. 1919లో వాల్టర్ గ్రోపియస్ అనే వాస్తుశిల్పి జర్మనీలోని వైమార్‌లో బౌహౌస్ అనే డిజైన్ పాఠశాల స్థాపించినప్పుడు ప్రతి వర్క్‌షాపుకూ ఇద్దరు గురువులను పెట్టాడు. ఒకరు రూపం నేర్పే కళాకారుడు, ఇంకొకరు చేతిపని నేర్పే పనివాడు. రెండూ తెలిసిన ఒకే మనిషి అప్పటికి దొరకలేదు కాబట్టి ఆ ఏర్పాటు. 1925లో బౌహౌస్ దెసావుకు మారాక అక్కడే చదువుకున్న జోసెఫ్ ఆల్బర్స్, మార్సెల్ బ్రాయర్, హెర్బర్ట్ బేయర్, గుంటా ష్టోల్జల్ లాంటివాళ్లు గురువులయ్యారు. వాళ్లకు రెండూ తెలుసు. మనం ఇప్పుడు చూసే డిజైన్ పాఠశాలలు చాలావరకు మళ్లీ ఇద్దరు గురువుల పద్ధతికే వెళ్లిపోయాయి, కాకపోతే ఒకరిని ప్రొఫెసర్ అంటారు, రెండోవారిని ల్యాబ్ అసిస్టెంట్ అంటారు. మీరు మాత్రం ఆ రెండోవారిని కూడా గురువు అనే అనుకోండి.

దీనికి నా సొంత తప్పు ఒకటి చెబుతాను. వర్క్‌షాపు బాధ్యత తీసుకున్న కొత్తలో మా టెక్నీషియన్ సెలవులో ఉన్నాడు. జ్యూరీకి రెండు రోజులే ఉంది. ఒక విద్యార్థి తెల్లటి ప్లాస్టిక్ షీటు తెచ్చి అక్రిలిక్ అన్నాడు. నేను నమ్మి లేజర్ ఆన్ చేశాను. అర నిమిషంలో ముక్కు పుటాలు మండే వాసన. అది పీవీసీ. పీవీసీని లేజర్‌తో కోస్తే హైడ్రోజన్ క్లోరైడ్ వాయువు వస్తుంది, గాలిలోని తేమతో కలిస్తే ఆమ్లమే. ఊపిరితిత్తులకు ప్రమాదం, యంత్రం లోపలి ఇనుపభాగాలకు తుప్పు. అందర్నీ బయటికి పంపి కిటికీలు తెరిచాం, ఎవరికీ ఏమీ కాలేదు. యంత్రం మాత్రం రెండు వారాలు మూతపడింది. టెక్నీషియన్ తిరిగొచ్చి ఏం చూపించాడో తెలుసా? రాగి తీగను మంటలో ఎర్రగా కాల్చి, ఆ ప్లాస్టిక్‌కు తాకించి, మళ్లీ మంటలో పెట్టాడు. మంట ఆకుపచ్చగా వెలిగింది. క్లోరిన్ ఉందని దాని అర్థం. పది సెకన్ల పరీక్ష. నాకున్న డిగ్రీల్లో ఏదీ అది నేర్పలేదు.

కాబట్టి ఆ కొత్త భవనానికి వెళ్లినప్పుడు ఎన్ని లేజర్ కట్టర్లు ఉన్నాయని అడక్కండి. వాటి పక్కన రోజంతా ఉండేది ఎవరు, ఆయన ఎన్నేళ్లుగా ఉన్నాడు అని అడగండి. పనిలోపనిగా పొగ లాగే గొట్టం ఎక్కడికి పోతుందో కూడా చూడండి. చెక్క పనిగదిలో నేల మీద, పలకల మీద సన్నటి పొడి పేరుకుని ఉంటే అది కళాత్మక వాతావరణం కాదు. చెక్క పొడిని కేన్సర్ కారకాల మొదటి వర్గంలో పెట్టింది అంతర్జాతీయ కేన్సర్ పరిశోధన సంస్థ. మట్టి పనిగదిలో ఎవరైనా పొడి చీపురుతో ఊడుస్తూ కనిపిస్తే ఆ గదిని నడిపేవాళ్లకు పని తెలియదని అర్థం. ఎండిన మట్టిలోని సిలికా ధూళి ఊపిరితిత్తుల్లో చేరితే బయటికి రాదు, అందుకే అక్కడ తడిగుడ్డతోనే తుడవాలి. డ్రిల్ దగ్గర, లేత్ (వస్తువును తిప్పుతూ చెక్కే యంత్రం) దగ్గర చేతి తొడుగులు వేసుకుని పనిచేస్తున్నా అంతే. తిరిగే యంత్రం తొడుగును పట్టుకుంటే చేతిని కూడా లాగేస్తుంది. విరబోసుకున్న జుట్టు, వేలాడే చున్నీ, ఐడీ కార్డు తాడు, అన్నిటిదీ ఇదే కథ.

త్రీడీ ప్రింటర్ల గురించి ఒక మాట, ఎందుకంటే ప్రతి బ్రోషర్‌లోనూ ఇవే ముందు కనిపిస్తాయి. పిడికెడంత వస్తువును 0.2 మిల్లీమీటర్ల పొరలతో సాధారణ ప్రింటర్ మీద తీయడానికి కొన్ని గంటలు పడుతుంది. ఇరవై ప్రింటర్లు ఉన్నా జ్యూరీ వారంలో అరవై మందికి ఒకేసారి కావాలి. ఆ వారం క్యూ ఎలా నడుస్తుందో అక్కడి విద్యార్థినే అడగండి. నిజం చెప్పాలంటే, తొలి ఏడాదిలో వీటి అవసరం చాలా తక్కువ. ఆల్బర్స్ బౌహౌస్‌లో మొదలుపెట్టే పిల్లలకు కాగితం ఇచ్చి, పనిముట్లు వీలైనంత తక్కువ వాడి, తుక్కు మిగలకుండా ఏదైనా చేయమనేవాడు. చదునుగా పడుకున్న కాగితం ఒక్క మడతతో నిలబడుతుంది, బరువు కూడా మోస్తుంది. బలం పదార్థంలోనే కాదు, ఆకారంలోనూ ఉంటుందని కాగితం ఖర్చుతోనే తెలిసిపోతుంది.

ల్యాప్‌టాప్ చాలదా అన్నారు. చాలా పనులకు చాలుతుంది. తెర మీద లేనివి రెండున్నాయి, బరువూ అసలు సైజూ. ఒక విద్యార్థి చేతికర్ర పిడిని తెర మీద ఎంతో అందంగా మలిచాడు. మూడు వారాలు వంపులు దిద్దాడు. నేను అట్టముక్కలు, టేపు ఇచ్చి అసలు సైజులో చేసి పట్టుకో అన్నాను. ఇరవై నిమిషాలు పట్టింది. పట్టుకోగానే వాడే నవ్వేశాడు, వేళ్లు రెండు కూడా దూరడం లేదు. తెర మీద పిడిని ఎంత పెద్దదిగా కావాలంటే అంత పెద్దదిగా చూడొచ్చు కదా, చేయి మాత్రం పక్కన ఉండదు.

మట్టి కూడా ఇలాంటి పాఠమే చెబుతుంది. తడి మట్టి ఎండి, బట్టీలో గట్టిపడేసరికి సుమారు పదో వంతు కుదించుకుపోతుంది. కొలతలు వేసి మూత వేరుగా, కుండ వేరుగా చేసినవాడికి ఒకసారి మూత లోపల పడిపోతే చాలు, ఆ తర్వాత ఏ పదార్థం చేతికొచ్చినా "ఇది ఎంత కదులుతుంది?" అని అడగడం అలవాటవుతుంది. నేత గదిలో పడుగు ఎక్కించడానికే రోజులు పడతాయి. పేక వేయడం మొదలుపెట్టాక మనసు మారితే మళ్లీ మొదటికి. అన్డూ బటన్ లేని చోట ముందే ఆలోచించడం ఎలాగో అక్కడ తెలుస్తుంది. అక్షరాల అచ్చు గదులు కొన్ని పాఠశాలల్లో ఇంకా ఉన్నాయి. అక్షరాల మధ్య ఖాళీ అంటే ఏమిటో సీసపు ముక్క చేత్తో పట్టుకుంటేనే తెలుస్తుంది, ఎందుకంటే అక్కడ ఖాళీ కూడా ఒక లోహపు ముక్కే, దాన్నీ ఏరి పెట్టాలి. మన తెలుగు టైపు కేసుకైతే, అంటే సీసపు అక్షరాలు పెట్టుకునే పెట్టెకు, గుణింతాలూ ఒత్తులూ కలిసి ఇంగ్లీషు కేసు కంటే ఎన్నో ఎక్కువ గళ్ళు కావాల్సి వచ్చేది. ఫాంటు చేయాలనుకునేవాళ్లు ఆ గళ్ళ వరుస ఒక్కసారి చూసినా చాలా ప్రశ్నలకు జవాబు దొరుకుతుంది.

పరీక్షించే ల్యాబుల్లో నాకు ఇష్టమైనది రంగు పెట్టె. బీరువా అంత కూడా ఉండదు, లోపల రకరకాల దీపాలు. పగటి వెలుతురుకు ప్రమాణమైన డీ65 కింద రెండు బట్టముక్కలు అచ్చం ఒకే నీలం. మీట నొక్కి పసుపు బల్బు వెలుతురుకు మారిస్తే ఒకటి ఊదాలోకి జారిపోతుంది. దీన్ని మెటామెరిజం అంటారు. జాకెట్టుకీ దాని గుండీకీ షోరూములో కుదిరిన రంగు ఇంటికొచ్చాక కుదరకపోవడానికి ఇదే కారణం. మీరు చూసే ల్యాబులో ఈ పెట్టె ఉండి, దాని మీద దుమ్ము లేకపోతే మంచి గుర్తు.

ఇప్పుడు అసలు విషయం, ఆ 'స్టడీ కలెక్షన్' గది. దీనికి తెలుగులో స్థిరపడ్డ మాట లేదు, నేను బోధనా సేకరణ అంటాను. మ్యూజియం చూడటానికి, ఇది ముట్టుకోవడానికి. నిజానికి కొన్ని పెద్ద మ్యూజియాలు ఇలాంటి గదుల నుంచే పుట్టాయి. లండన్‌లో 1837లో ప్రభుత్వం డిజైన్ పాఠశాల పెట్టింది. విద్యార్థులకు చూపించడానికి మంచి నమూనాలు కావాలి. 1851లో అదే ఊళ్లో జరిగిన మహా ప్రదర్శన (దేశదేశాల సరుకుల ప్రదర్శన) ముగిశాక అక్కడి వస్తువులు కొన్ని కొని, 1852లో మార్ల్‌బరో హౌస్‌లో ఒక మ్యూజియం తెరిచారు. అదే 1857లో సౌత్ కెన్సింగ్టన్‌కు మారింది. ఇవాళ మనం విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియం అంటున్నది దాన్నే.

మార్ల్‌బరో హౌస్‌లో ఆ మ్యూజియం నడిపిన హెన్రీ కోల్ చేసిన ఒక పని నాకు భలే నచ్చుతుంది. మంచి వస్తువుల పక్కనే ఒక గదిలో చెడ్డ డిజైన్లను కూడా పెట్టించాడు, ఏది ఎందుకు తప్పో రాసి మరీ. జనం దానికి 'భయానక గది' అని పేరు పెట్టారు. తమ సరుకు అందులో చూసుకున్న తయారీదారులకు ఒళ్లు మండింది, పత్రికలు వెక్కిరించాయి, గది ఎంతోకాలం నిలవలేదు. కోల్ అభిరుచితో నాకు పేచీ ఉంది. తివాచీ మీద పూలు నిజం పూలలా ఉంటే పాపమన్నట్టు మాట్లాడేవాళ్లు ఆ బృందంలో. కానీ చెడ్డదాన్ని కూడా భద్రపరిచి చూపించాలన్న ఆలోచన మాత్రం నూటికి నూరు పాళ్లు సరైనది. బహుమతులు గెలిచిన కుర్చీలు మాత్రమే ఉన్న సేకరణలో విద్యార్థి భక్తి నేర్చుకుంటాడు. పిడి విరిగిన కెటిల్, చేతిని కోసే డబ్బా మూత, ఎవరూ కొనని రిమోట్ కూడా ఉన్న సేకరణలో డిజైన్ నేర్చుకుంటాడు.

అదే మ్యూజియంలో 1873లో తెరిచిన ప్లాస్టర్ నమూనాల హాళ్లు ఉన్నాయి. రోమ్‌లోని ట్రాజన్ స్తంభం నమూనా హాల్లో పట్టక రెండు ముక్కలుగా నిలబెట్టారు. ప్రయాణం చేయలేని విద్యార్థి కోసం శిల్పాన్నే తెచ్చి పెట్టడం ఆ కాలపు పద్ధతి. ఇరవయ్యో శతాబ్దంలో నకళ్లకు విలువ లేదని చాలా పాఠశాలలు తమ ప్లాస్టర్ బొమ్మలను పగలగొట్టి పారేశాయి. మిగిల్చుకున్నవాళ్లకు ఇప్పుడు అదొక ఆస్తి, ఎందుకంటే కొన్ని అసలు శిల్పాలు వానకూ పొగకూ అరిగిపోయాయి, నకలు మీద ఉలి గీత ఇంకా స్పష్టంగా ఉంది.

అన్ని సేకరణలూ మనిషి చేసిన వస్తువులవే కానక్కర్లేదు. అమెరికాలోని రోడ్ ఐలాండ్ స్కూల్ ఆఫ్ డిజైన్‌లో ఎడ్నా లారెన్స్ అనే అధ్యాపకురాలు 1937లో నేచర్ ల్యాబ్ మొదలుపెట్టింది. ఎముకలు, గవ్వలు, సీతాకోకచిలుకలు, విత్తనాలు, రాళ్లు. విద్యార్థులు వాటిని చేతిలోకి తీసుకుని బొమ్మలు గీస్తారు. హార్వర్డ్‌లో ఎడ్వర్డ్ ఫోర్బ్స్ మొదలుపెట్టిన రంగు పొడుల సేకరణ ఉంది, 2,500కు పైగా నమూనాలు. బౌర్న్‌మత్ ఆర్ట్స్ యూనివర్సిటీలో అచ్చంగా ప్లాస్టిక్ డిజైన్ కోసమే ఒక మ్యూజియం ఉంది. లండన్ యూనివర్సిటీ కాలేజీలో ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మేకింగ్ వాళ్లు పదార్థాల గ్రంథాలయం నడుపుతారు. పుస్తకాల బదులు లోహాలు, నురుగులు, గాజులు, రబ్బర్లు.

ప్లాస్టిక్ అన్నాను కాబట్టి చిన్న పక్కదారి. ప్లాస్టిక్ ఎప్పటికీ చావదని అందరం అనుకుంటాం. ప్లాస్టిక్ సేకరణ చూసుకునేవాళ్లను కదిపితే కళ్లనీళ్లు పెట్టుకుంటారు. సెల్యులోజ్ ఎసిటేట్ వస్తువు పాడవుతుంటే సొరుగు తెరవగానే వెనిగర్ వాసన కొడుతుంది. పాలీయురెథేన్ నురుగు వేలు తాకితే పిండిలా రాలిపోతుంది. మెత్తటి పీవీసీ బొమ్మ ఒంటిమీద జిగురు ఊరుతుంది. కొత్త వస్తువును మాత్రమే చూసి డిజైన్ చేసేవాడికి ముప్పై ఏళ్ల తర్వాత అది ఎలా ఉంటుందో చూపించే చోటు ఇంకెక్కడా లేదు.

సేకరణ ఉంటే సరిపోదు, దానితో ఏం చేయిస్తారన్నదే లెక్క. నేను చేయించే అభ్యాసం ఒకటి చెబుతాను, మీరు ఇంట్లో కూడా చేసుకోవచ్చు. అచ్చులో పోసిన ఒక మామూలు ప్లాస్టిక్ వస్తువు, స్టేప్లర్ గానీ పెన్సిల్ చెక్కేది గానీ, ఒక్కొక్కరికి ఒకటి ఇస్తాను. నలభై నిమిషాలు, ఫోన్లు సంచిలో. మొదటి సగం బొమ్మ గీయడమే. రెండో సగం ఇది ఎలా పుట్టిందో ఆ వస్తువునే అడగడం. అంచు వెంట వెంట్రుకవాసి గీత కనిపిస్తుంది, అచ్చు రెండు సగాలూ కలిసింది అక్కడే. లోపలివైపు చిన్న చిన్న గుండ్రటి గుర్తులుంటాయి, గట్టిపడ్డ వస్తువును అచ్చులోంచి బయటికి తోసిన పిన్నుల జాడ. ఎక్కడో ఒకచోట కోసేసినట్టు చిన్న బుడిపె ఉంటుంది, కరిగిన ప్లాస్టిక్ లోపలికి వచ్చిన దారి. గోడలు నిట్టనిలువుగా అనిపిస్తాయి గానీ, మూలమట్టం పెడితే ఒకటి రెండు డిగ్రీలు వాలుగా ఉంటాయి, లేకపోతే వస్తువు అచ్చును వదిలి రాదు. పైన నున్నటి తలం మీద సన్నటి గుంట కనిపిస్తే దాని వెనక బలం కోసం పెట్టిన పట్టీ ఉందన్నమాట. కొన్నిటి అడుగున చిన్న గడియారం ముఖంలాంటి ముద్ర కూడా దొరుకుతుంది, మధ్యలో బాణం అది తయారైన నెలను చూపిస్తుంది. అది కనిపెట్టిన రోజు పిల్లల మొహాలు చూడాలి, దొంగను పట్టుకున్నట్టే.

1958లో అమెరికా డిజైనర్ దంపతులు ఛార్లెస్ ఈమ్స్, రే ఈమ్స్ భారత ప్రభుత్వానికి ఇచ్చిన నివేదికలో చెంబు గురించి వేసిన ప్రశ్నలు కూడా ఇదే తరహా. ఎంత నీళ్లు పట్టాలి, తల మీదా నడుం మీదా మోయడానికి ఎలా కుదరాలి, నిండుగా ఉన్నప్పుడూ ఖాళీగా ఉన్నప్పుడూ బరువు ఎటు మొగ్గుతుంది, వంపుతున్నప్పుడు ధార ఎలా పడుతుంది, తోమడానికి చేయి దూరుతుందా, ఇలా. రోజూ చూసే చెంబును కొత్తగా చూడటం వాళ్లకు వస్తువు చేతిలో ఉండబట్టే సాధ్యమైంది.

ఇవన్నీ ముట్టుకుంటే పాడైపోవా అని అడుగుతారు. పాడవుతాయి. అందుకే సరిగ్గా నడిపేచోట వస్తువులను విడదీస్తారు. కొన్ని అరిగిపోయినా పర్వాలేదని చేతికిచ్చేవి, కొన్ని తొడుగులతో, ఒకరు పక్కన ఉండగా చూసేవి, కొన్ని చీకట్లో దాచేవి. పాత బట్టలకు సుమారు 50 లక్స్ (వెలుతురు కొలత) మించి వెలుతురు తగలనివ్వరు, రంగు వెలిసిపోతుంది. అయితే అన్నిటినీ మూడో రకంలోకి తోసేసి, ఏడాదికోసారి అతిథులకు చూపించే సేకరణలు కూడా ఉన్నాయి. వాటి నుంచి మీకు ఒరిగేది ఏమీ లేదు. అలాగే ప్రతి వస్తువు పక్కనా పేరూ సంవత్సరమే కాకుండా ఏ పదార్థం, ఏ పద్ధతిలో చేశారు అన్నది రాసి ఉందో లేదో చూడండి. అది లేని సేకరణ మొహమాటానికి దాచుకున్న పాత సామాను.

మీరు చూడటానికి వెళ్లే రోజు గురించి రెండు మాటలు. ఓపెన్ డే (కాలేజీ చూడటానికి అందరినీ రమ్మనే రోజు) నాడు వెళ్లకండి, ఆ రోజు అందరూ ఊడ్చి పెట్టుకుంటారు. మామూలు రోజు మధ్యాహ్నం నాలుగింటికి వెళ్లండి. వర్క్‌షాపు చెత్తబుట్టలోకి తొంగిచూడండి. రకరకాల తుక్కు ఉంటే జనం నిజంగా పనిచేస్తున్నారు. బుట్ట ఖాళీగా, యంత్రాలు తళతళలాడుతూ ఉంటే తాళం ఎక్కువగా వేసే ఉంటుందని నా అనుభవం. మిగిలిన ముక్కలు పెట్టుకునే అర ఎక్కడుందో అడగండి, మొదటి ఏడాది ఖర్చు చాలావరకు అక్కడే మిగులుతుంది. ముడిసరుకు ఎవరు కొనాలి, ఫీజులో కలిసి ఉందా అన్నది ముందే తేల్చుకోండి. ఇది ఎవరూ బ్రోషర్‌లో రాయరు, రెండో నెలలో టెన్షన్ మొదలవుతుంది. మొదటి ఏడాదివాళ్లను యంత్రాల మీద పనిచేయనిస్తారా, సేఫ్టీ శిక్షణ ఎన్ని రోజులు, రాత్రి ఎన్నింటికి మూస్తారు అన్నవి ఆఫీసులో కాదు, బల్ల దగ్గర కూర్చున్న విద్యార్థినే అడగండి. ఆఫీసు చెప్పే సమయానికీ విద్యార్థి చెప్పే సమయానికీ తేడా ఎంత ఉందో చూడండి.

కొత్త భవనాన్ని నేను తీసిపారేయడం లేదు. అక్కడి లేజర్ దగ్గర మంచి టెక్నీషియన్ ఉండి, విద్యార్థులకు సొంత బల్లలుంటే నిశ్చింతగా చేరండి. సేకరణ లేకపోయినా బతకొచ్చు, మీరే ఒక పెట్టె మొదలుపెట్టుకోవచ్చు. పదార్థం ముక్కలు, విప్పిన వస్తువుల భాగాలు, ఒక్కోదానికి చిన్న చీటీ. నా శిష్యురాలు ఒకామె మొదటి ఏడాదిలో మొదలుపెట్టిన పెట్టె ఇప్పుడు తన ఆఫీసులో గోడంత అయింది. సొంత బల్ల లేని లోటు మాత్రం మీరు పూడ్చుకోలేరు, టెక్నీషియన్ లేని లోటు అసలే పూడ్చుకోలేరు.

ఇంతవరకు మీరు చెప్పిన దాన్నిబట్టి నా మొగ్గు రెండోదాని వైపే, కానీ ఒక షరతు ఉంది. అక్కడికి వెళ్లినప్పుడు ఆ స్టడీ కలెక్షన్ గదిలో ఏదో ఒక సొరుగు తెరిచి చూపించమని అడగండి. తాళంచెవి కోసం ఎవరికి ఫోన్ చేస్తారు, ఎంతసేపట్లో వస్తుంది, సొరుగు తెరిచాక "చేతిలోకి తీసుకోండి" అంటారా, "దూరం నుంచి చూడండి" అంటారా? ఏమన్నారో నాకు రాయండి, మిగతాది అప్పుడు మాట్లాడుకుందాం.